రీడింగ్ నంబర్ నాలుగు

2012 ఫిబ్రవరి 15. బుధవారం. ఉదయం 9:10.

ఎస్సై స్వప్న బల్ల మీద ఠంగుమని ఒక దేవుడు వచ్చి కూర్చున్నాడు.

జానెడు ఎత్తు విగ్రహం. నెత్తిన పాగా, చేతిలో కత్తి. కురుమల ఇలవేల్పు బీరప్ప.

"గిది నా దేవుడు కాదు. మీరే ఉంచుకోండ్రి," అంది తెచ్చిన మనిషి.

పేరు మణెమ్మ. ఊరు నిడమనూరు. వయసు యాభై అయిదు. గొర్ల మంద వెంట నడిచి నడిచి గట్టిపడ్డ మనిషి. మాట కూడా అంతే గట్టిది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎప్పుడు మారిండు పెద్దమ్మా?"

"నిన్న."

"ఎక్కడ?"

"గీడనే. సూర్యాపేటల. లాడ్జిల."

"ఎవరు మార్చిండ్రు?"

"అది నేనే సెప్తే నువ్వెందుకు బిడ్డా? నువ్వు సెప్తవనే వొచ్చిన."

పక్కనున్న కానిస్టేబుల్ బిక్షపతి కిసుక్కుమన్నాడు. స్వప్న ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

విషయం ఇది. మిర్యాలగూడ రైస్‌మిల్లు ఓనర్ రామనర్సయ్యకు పాత విగ్రహాలంటే పిచ్చి. పోయినేడు మణెమ్మ ఇంటికొచ్చి, దేవుడికి వెండి కవచం చేయిస్తానని మైనంతో కొలతలు తీసుకుపోయాడు. కవచం తెచ్చాడు కూడా. ఈ నెల మళ్ళీ వచ్చాడు. పాత విగ్రహాలను గవర్నమెంటు దగ్గర రిజిస్టర్ చేయించకపోతే గుంజుకుపోతారన్నాడు. హైదరాబాద్ నుంచి ఎక్స్‌పర్ట్‌ను పిలిపిస్తా, ఖర్చంతా నాదే అన్నాడు. మణెమ్మ కొడుకు ధర్మేందర్ నిన్న పొద్దున దేవుడి పెట్టెతో బస్సెక్కాడు. లాడ్జిలో తులసీరాం అనే ఆ ఎక్స్‌పర్ట్ మిషన్‌తో పరీక్ష చేసి కాగితం ఇచ్చాడు. 'ఇత్తడి. ముప్ఫై ఏళ్ళ లోపుది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.' సాయంత్రం మణెమ్మ పెట్టె తెరిచింది. దేవుణ్ని ఎత్తింది. అది తన దేవుడు కాదు.

"ముఖం చూసి గుర్తుపట్టినవా?"

"ముఖం అదే ఉన్నది."

"బరువు చూసినవా?"

"కాదు."

"మరెట్ల?"

"గుర్తువట్టిన. ఎట్లనో సెప్పరాదు."

"చెప్పకుంటే కేసెట్ల నిలబడతది పెద్దమ్మా?"

"సెప్పరాదంటె సెప్పరాదు. నువ్వు కొట్టినా సెప్ప."

మధ్యాహ్నం 12:30కి సీఐ గదిలో అందరూ ఉన్నారు. రామనర్సయ్య తెల్లచొక్కా మడత నలగకుండా కూర్చున్నాడు. తులసీరాం పక్కన నల్ల సూట్‌కేస్ ఉంది.

"సర్, వెరీ సింపుల్," అన్నాడు తులసీరాం. "ఇది పోర్టబుల్ ఎక్స్‌ఆర్‌ఎఫ్. లోహంలో ఏముందో సెకన్లలో చెప్తుంది. నిన్న పెట్టె నా ముందుకు రాగానే మూడు చోట్ల రీడింగ్ తీశాను. రాగి 68, జింకు 29, సీసం 2. ఇప్పుడు ఈ విగ్రహం మీద మళ్ళీ తీయండి. అవే నంబర్లు వస్తాయి. అంటే నా దగ్గరికి వచ్చింది ఇదే. విగ్రహం మారి ఉంటే, నా దగ్గరికి రాకముందే మారింది."

"రాకముందు ఎవరి చేతుల ఉంది?" అన్నాడు సీఐ.

గోడకానుకుని నిలబడ్డ ధర్మేందర్ ముఖం పాలిపోయింది.

"సార్, నేను పెట్టె మూతే తెరవలే! నా తల్లి మీదొట్టు!"

"మీ తల్లే కంప్లయింట్ ఇచ్చిందిరా," అన్నాడు సీఐ.

మణెమ్మ ముందుకొచ్చింది. "నా కొడుకు మీద ఇచ్చిన్నా? నేనెప్పుడిచ్చిన?"

సైన్స్ పేరు చెప్తే సగం మంది నోరు మూసుకుంటారు. మిగతా సగాన్ని పోలీసోళ్ళు మూయిస్తారు. ఆ గదిలో నోరు మూయనిది ఇద్దరే. ఒకరు మణెమ్మ. రెండోది స్వప్న.

"సార్, అతను దొంగ కాడు."

"నీకు మిషన్ కంటే ఆమె మాట ఎక్కువనా?"

"రెండూ వింటా సార్. మిషన్ మాట మనం ఇంకా వినలే. దాని ఓనర్ మాటే విన్నం."

సీఐకి చిర్రెత్తింది. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "ఇయ్యాల సాయంత్రం అరెస్టు రాసి, రేపు నాలుగింటికి కోర్టుల హాజరుపరుస్తం. రిమాండ్. అప్పటిదాంక నీ ఇష్టం. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడినా మెమో ఇస్తా."

"ఇవ్వండి సార్," అంది స్వప్న. "నా పాత మెమోలున్న ఇనప బీరువాల ఇంకా జాగా ఉంది."

ధర్మేందర్ లాకప్‌లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"పెట్టె ఎవరికిచ్చినవ్?"

"తులసీరాం సారుకు. రామనర్సయ్య సేటు కూడ ఆడనే ఉండె."

"నువ్వు గదిలనే ఉన్నవా?"

అతను కాలి బొటనవేలితో నేల గీకాడు.

"ఉన్నవా లేవా?"

"బయటికి పొమ్మన్నరు మేడం."

"పొమ్మంటే పోతవా? దేవుణ్ని వదిలిపెట్టి?"

అతను తల దించుకున్నాడు. "ఎక్స్‌రే కొడుతున్నం అన్నరు. దగ్గరుంటే పిల్లలు పుట్టరన్నరు. నాకు పెండ్లయి ఆర్నెల్లే అయితుంది మేడం."

బిక్షపతి ఈసారి ముఖం అటు తిప్పుకున్నాడు. స్వప్నకు నవ్వొచ్చింది, అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది.

"ఎంతసేపు బయట ఉన్నవ్?"

"పదకొండుకు పోయిన. పన్నెండుకు పది నిమిషాలు తక్కువున్నప్పుడు పిలిచిండ్రు."

యాభై నిమిషాలు. మూడు రీడింగులకు యాభై నిమిషాలు!

సాయంత్రం 6:20. కోదాడ.

ప్రశాంతి, స్వప్న డిగ్రీలో ఒకే బెంచీ. ఇప్పుడు ప్రశాంతి మఠంపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టు.

"ఏమే ఎస్సై గారూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"పనిబడ్డది గుర్తొచ్చినవ్. ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఉందా నీ దగ్గర?"

"ఉంది. క్వారీలో రాయి చూడటానికి. ముక్కు ఆనించి ట్రిగ్గర్ నొక్కితే ఆ చోట ఏ మూలకం ఎంతుందో చెప్తుంది. గీరక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. అందుకే పాత బొమ్మలు, పటాలు చూసేవాళ్ళకి అదంటే ప్రాణం. అయితే పైపొరే చూస్తుంది. లోపలికి పోదు."

"పక్కన నిలబడితే పిల్లలు పుట్టరా?"

"ఎవడే ఆ మాటన్నది? నాకిద్దరు! ముక్కుకి ఎదురుగా చెయ్యి పెట్టకూడదు, అంతే."

"అబద్ధం చెప్తదా?"

"గన్ చెప్పదు. దేనికి ఆనిస్తే దాని సంగతే చెప్తుంది. దేనికి ఆనించారో కాగితం మీద రాసేది మాత్రం మనిషే కదా."

స్వప్న లేచింది. "పొద్దున ఎనిమిదింటికి గన్ తీస్కొని రా."

"ఫ్యాక్టరీ వాళ్ళు ఊరుకోరు."

"ఒక పిలగాడు రేపు నాలుగింటికి జైలుకు పోతడే."

"ఎనిమిదింటికే వస్తా," అంది ప్రశాంతి.

గురువారం. ఉదయం 8:15.

స్టేషన్‌లో ఆడవాళ్ళ గది. స్వప్న, ప్రశాంతి, మణెమ్మ. బల్ల మీద విగ్రహం, పక్కన దాని చెక్కపెట్టె.

"క్వారీకని సంతకం పెట్టి తెచ్చా," అంది ప్రశాంతి. "దొరికితే నా ఉద్యోగం గోవిందా."

గన్‌ను ముందు ఒక చిన్న లోహపు బిళ్ళకు ఆనించింది. ట్రిగ్గర్ నొక్కింది. బిళ్ళ సంగతి మిషన్‌కు ముందే తెలుసు. సరిగ్గా చెప్తే మిషన్ బాగున్నట్టు. రోజూ మొదటి రీడింగ్ అదే. స్క్రీన్ మీద నంబర్ 1 పడింది.

తర్వాత విగ్రహం. నంబర్ 2. రాగి 68, జింకు 29.

"తులసీరాం చెప్పిందే వచ్చింది. ఇది ఇత్తడే."

స్వప్న కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. "ఈ నంబర్లు ఎవరేస్తరు?"

"అదే వేసుకుంటుంది. రోజూ ఒకటి నుంచి మొదలు. మనం మార్చలేం, తుడపలేం."

స్వప్న ఫైల్ తెరిచింది. తులసీరాం ఇచ్చిన కాగితం తీసింది. మెరుపు కాగితం, పెద్ద ముద్ర. కింద సన్నటి అక్షరాల్లో రీడింగులు. 4, 5, 6.

ఆ కాగితాన్ని సీఐ చూశాడు. తనూ చూసింది. ఎవరికీ పట్టలేదు.

"ఒకటి బిళ్ళ అనుకుందం. మరి రెండు, మూడు ఏవి?"

ప్రశాంతి కాగితం లాక్కుంది. "ఆ రెండూ కాగితంలో ఎక్కించలేదే! నాలుగో రీడింగ్ టైము 11:31. పెట్టె రాగానే తీశానన్నాడుగా?"

"అరగంట ఏం జేసిండు?"

మణెమ్మ వింటోంది. అర్థమైందో లేదో తెలియదు. పెట్టె అడుగున పరిచిన నల్ల గొంగడి ముక్కను చేత్తో సవరిస్తోంది. ఎన్నేళ్ళ నెయ్యో, పసుపో పట్టి ఆ గొంగడి జిడ్డోడుతోంది.

"దేవుడు దీని మీదనే కూసుంటడా పెద్దమ్మా?"

"మా అత్త పరిసింది. మార్సలే."

స్వప్న ప్రశాంతి వైపు చూసింది. ప్రశాంతి గొంగడి అంచుకు గన్ ఆనించింది. మట్టిలో ఉండేవే వచ్చాయి. నడిమికి ఆనించింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"ఇనుము బాగా ఉంది. ఎర్రమట్టి అనుకోవచ్చు. కానీ పాదరసం ఏంటే? గొంగడిలో పాదరసం ఎక్కడిది?"

మణెమ్మ చెయ్యి ఆగింది.

లేచి వెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టింది. కిటికీ రెక్క కూడా మూసింది. తిరిగొచ్చి స్వప్నకు ఎదురుగా కూర్చుంది. స్టేషన్‌కు వచ్చాక ఆమె కూర్చోవడం అదే మొదలు.

"మగోళ్ళ ముందర నీ నోట రావొద్దు. ఒట్టెయ్యి."

"మా అమ్మ మరియమ్మ మీద ఒట్టు."

మణెమ్మ గొంతు తగ్గించింది. మంద దూరం మేతకు పోయే ముందు ప్రతి గొర్రెకూ జాజుతో, అంటే ఎర్రమట్టితో, గుర్తు పెడతారు. ఎవరి మందో తెలియడానికి. వాళ్ళ ఇంట్లో మందలో మొదటి జీవం దేవుడే. అందుకని ముందుగా ఆయనకు గుర్తు పెట్టాలి. ముఖాన కాదు, అడుగున. జాజులో కాస్త ఇంగిలీకం అనే ఎర్రరాయి నూరి, పెద్దకోడలు మూడు వేళ్ళతో రాయాలి. మగవాళ్ళు చూడకూడదు, వినకూడదు. మగవాడి చెవిన పడితే ఆ కోడలు ఇక దేవుణ్ని ముట్టకూడదు.

"ఇరవై రెండేండ్ల సంది పూస్తున్న. ఎత్తంగనే ఏండ్ల పూత వేలికి తగుల్తది. మొన్న నున్నగ తగిలింది బిడ్డా. నా పానం పోయినంత పనైంది."

ప్రశాంతి గొణిగింది. "ఇంగిలీకం... అదంతా పాదరసమే."

ఉదయం 11:30. సీఐ గది.

రామనర్సయ్య వచ్చాడు. తులసీరాం సూట్‌కేస్‌తో వచ్చాడు. మళ్ళీ పరీక్ష చేసి చూపాలని స్వప్న కబురు పెట్టింది. అతను ఉత్సాహంగానే ఉన్నాడు. నిడమనూరు నుంచి కురుమల కులపెద్ద వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. బిక్షపతి ధర్మేందర్‌ను తెచ్చి నిలబెట్టాడు. ప్రశాంతి స్వప్న పక్కన ఉంది, మణెమ్మ గోడ వారన కింద కూర్చుంది.

"ముందుగాల అందరి ఫోన్లు బల్ల మీద పెట్టండ్రి," అంది స్వప్న.

"ఎందుకు?" అన్నాడు రామనర్సయ్య.

"పరీక్ష జరిగేటప్పుడు ఫోన్ దగ్గరుంటే ఎక్స్‌రే తగుల్తదట. పిల్లలు పుట్టరట."

ధర్మేందర్ తలెత్తి చూశాడు. తులసీరాం నవ్వలేదు.

ఫోన్లు బల్ల మీదికి వచ్చాయి.

"తులసీరాం గారూ, ఈ కాగితం మీదేనా?"

"అవును."

"పెట్టె ఎన్నింటికి తెరిచిండ్రు?"

"పదకొండుకు."

"వెంటనే రీడింగ్ తీసిండ్రా?"

"వెంటనే."

"మరి మొదటి రీడింగ్ 11:31 అని ఎందుకుంది? నంబర్ నాలుగు నుంచి ఎందుకు మొదలైంది?"

తులసీరాం చెయ్యి సూట్‌కేస్ మీదికి పోయింది. ప్రశాంతి చెయ్యి అంతకంటే ముందే పోయింది. గన్ తీసి పాత జాబితా తెరిచింది. పైకి చదివింది.

"ఫిబ్రవరి 14. ఒకటి, 10:52, చెక్ బిళ్ళ. రెండు, 11:06. రాగి 83, తగరం 11, సీసం 4. జింకు లేదు. అంటే కంచు. మూడు, 11:09. అదే కంచు. దాని మీద ఇనుము, పాదరసం. నాలుగు, 11:31. ఇత్తడి."

సీఐ ముందుకు వంగాడు. "ఆ కంచు ఎవరిది?"

తులసీరాం ఒక్క క్షణం రామనర్సయ్య వైపు చూశాడు.

"నాదే," అన్నాడు రామనర్సయ్య తొణక్కుండా. "నా కలెక్షన్ల బీరప్ప. పోల్చి సూద్దామని తెచ్చుకున్న. అందుల తప్పేముంది?"

మంచి ఎత్తే వేశాడు. అతని చోట మరొకరైతే అక్కడే కూలబడేవారు.

"గొంగడి ముక్క మీద కూడ పాదరసం ఉంది సార్," అంది స్వప్న. "దేవుడు కూసున్న చోట మాత్రమే ఉంది."

"మేడం, కుంకుమలో కూడా పాదరసం కలుపుతారు," అన్నాడు తులసీరాం. "ఏ దేవుడి మీదైనా ఉండొచ్చు. యాదృచ్ఛికం."

"స్వప్నా, ఆ పాదరసం ఈమె దేవునిదేనని ఎట్ల చెప్తవ్?" అన్నాడు సీఐ.

స్వప్న నోరు తెరిచింది. మూసింది.

"చెప్పు."

గదిలో ఆరుగురు మగవాళ్ళు. తల్లి మీద ఒట్టు. గోడ గడియారం 11:58 చూపిస్తోంది.

"చెప్పలేను సార్."

రామనర్సయ్య చొక్కా సర్దుకున్నాడు. సీఐ విసుగ్గా ఫైలు మూశాడు. "బిక్షపతీ, పిలగాన్ని కోర్టుకు తయారుచెయ్."

"ఆగుండ్రి!"

మణెమ్మ లేచింది. చెంగు బొడ్లో దోపింది.

"ఆమె ఒట్టేసింది, ఆమె సెప్పది. నేను సెప్త. మా దేవుని అడుగున జాజు ఉంటది. జాజుల ఇంగిలీకం ఉంటది. నేనే నూరిన, నేనే పూసిన."

కులపెద్ద దిగ్గున లేచాడు. "మణెమ్మా! నోర్ముయ్! మగోళ్ళున్నరు!"

"ఉంటె ఉండనీ! నువ్వే మూస్కో. నా కొడుకు జైలుకు వోతుంటె నీ నోట ఒక్క మాట రాలే. ఇప్పుడొచ్చిందా?" ఆమె రామనర్సయ్య వైపు తిరిగింది. కుడిచెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చాపింది. "నీదే అన్నవ్ గద సేటూ? మంచిది. నీ దేవుణ్ని తెప్పియ్. బోర్లేసి సూద్దాం. అడుగున ఇయ్యి మూడు వేళ్ళు లేకుంటే నన్నూ నా కొడుకునూ కలిపి లోపలెయ్యుండ్రి."

రామనర్సయ్య ముఖంలో రంగు దిగిపోయింది. నకిలీ పోయించడానికి మైనంతో కొలతలు తీసిన రోజు ముందు, పక్క, వెనక అన్నీ తీశాడు. దేవుణ్ని బోర్లించి అడుగు చూడాలని ఎవరికి తడుతుంది? మొన్న లాడ్జిలో మిషన్ చూపిన పాదరసాన్ని కూడా ఏదో కుంకుమే అనుకున్నారు.

"మీ కలెక్షన్ యాడుంది?" అంది స్వప్న.

రామనర్సయ్య ఫోన్ వైపు చెయ్యి చాపితే స్వప్న దాన్ని పక్కకు జరిపింది.

"మీదే అన్నరు, సార్ విన్నరు, నేను రాసుకున్న. యాడుంది?"

"మిల్లుల," అన్నాడు చివరికి. "ఆఫీసు బీరువాల."

సీఐ ఇప్పుడు తొందరపడాల్సిన చోటే తొందరపడ్డాడు. "బిక్షపతీ! జీపు తియ్. తాళంచెవి తీస్కో. సేటూ, మీరు గీడనే కూసోండ్రి."

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు గంటకు పైగా దారి. రావడానికి మళ్ళీ అంత. ఎవరూ లేవలేదు. మణెమ్మ నిలబడే ఉంది. కొడుకు రెండుసార్లు కుర్చీ జరిపాడు. రెండుసార్లూ వద్దంది.

2:50. జీపు ఆగింది. బిక్షపతి తువ్వాల మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నల్లబడ్డ కంచు బీరప్ప. ముఖం మొదటి విగ్రహం ముఖమే.

స్వప్న బోర్లించింది. అడుగున కరుడుగట్టిన ఎరుపు. అందులో మూడు వేళ్ళ జాడలు. పూత మీద పూత, ఏళ్ళ తరబడి అదే చోట. మణెమ్మ వేళ్ళు ఆనించింది. అతికినట్టు సరిపోయాయి.

ప్రశాంతి ట్రిగ్గర్ నొక్కింది. "పాదరసం," అంది. ఆ మాట ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు.

"కడగొద్దని నువ్వే కదా చెప్పింది!" రామనర్సయ్య తులసీరాం మీద విరుచుకుపడ్డాడు. "పాత కంచు కడిగితే రేటు పడిపోతదని!"

"ఆ ముక్క కూడ రాసుకున్న," అంది స్వప్న. "సార్, పిలగాణ్ని వదిలిపెడదామా, మెమో రాస్తరా?"

సీఐ ఆమె వైపు చూడకుండానే చెయ్యి ఊపాడు. ధర్మేందర్ తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. మణెమ్మ రెక్క పట్టి లేపింది. "లే. ఏడిస్తె వీళ్ళు సంబురపడ్తరు."

శనివారం మధ్యాహ్నం.

కేసు తేలేదాకా విగ్రహం కోర్టుదే. అయినా ఆదివారం బీరప్ప పండుగ ఉందని స్వప్న పిటిషన్ వేయించింది. పూచీకత్తు మీద దేవుణ్ని ఇంటికి పంపమని కోర్టు చెప్పింది. స్టేషన్ ముందు పెట్టె సిద్ధంగా ఉంది. బల్ల మీద దేవుడు. చుట్టూ కులం వాళ్ళు పాతికమంది. ధర్మేందర్ భార్య కల్పన కూడా వచ్చింది.

మణెమ్మ చెయ్యి చాపింది.

"ముట్టొద్దు," అన్నాడు కులపెద్ద. "మగోళ్ళ ముందర సెప్పినవ్. నియమం నియమమే. కల్పన ఎత్తుతది."

కొడుకును దక్కించుకున్నందుకు ఆమె దేవుణ్ని పోగొట్టుకోవాలా! స్వప్న అడ్డం పోబోయింది. మణెమ్మ కళ్ళతోనే వద్దంది.

"నియమం ఎందుకు పెట్టిండ్రో ఎరికేనా పెద్దమనిషీ? మగోళ్ళకు గుర్తు తెలిస్తే దేవుణ్ని మార్సి అమ్ముకుంటరని మా అత్తల అత్తలు పెట్టిండ్రు. మొన్న నేను మూస్కొని కూసుంటే అమ్ముడువోతుండె. నియమం ఎవరు నిలవెట్టిండ్రు? నేనా, నువ్వా?"

కులపెద్ద పెట్టె ముందు నుంచి పక్కకు జరిగాడు.

మణెమ్మ దేవుణ్ని రెండు చేతులా ఎత్తింది. మూడు వేళ్ళు అడుగున వాటి చోట్లోకి పోయాయి. పెట్టెలో గొంగడి మీద కూర్చోబెట్టింది. మూత వేసి నెత్తికెత్తుకుంది.

"కల్పనా, జాజు నూరినవా?"

"నూరిన అత్తమ్మా."

"నడువ్. రేపు పండుగ, ఎల్లుండి మంద లేస్తది. మొదలు దేవునికి పూయాలె." మెట్లు దిగుతూ కులపెద్ద ముందు ఆగింది. "ఈసారి తలుపు తీసే పూస్త. సూసెటోళ్ళు వొచ్చి సూడుండ్రి."